వయొలిన్ డైరీ, 11వ వారం: ఆ ఒక్క దీర్ఘ స్వరం

నిన్న సాయంత్రం మళ్లీ కమాను వణికింది. ఎదురుగా ఉన్నది ఇద్దరే, మా అక్క, అక్క స్నేహితురాలు. ఇద్దరూ నా మేలు కోరేవాళ్లే. అయినా మొదటి స్వరం, డి తీగ మీద కమానుని ఫ్రాగ్ (చేత్తో పట్టుకునే చివర) నుంచి కొస దాకా నెమ్మదిగా లాగాల్సింది, మూడో వంతు కూడా దాటకముందే ముక్కలు ముక్కలైపోయింది. వారం రోజులుగా ఒంటరిగా ఎంతో చక్కగా పలుకుతున్న స్వరం అది. చాలా బాధేసింది, రాత్రి సరిగ్గా నిద్ర కూడా పట్టలేదు.

మిగతా సంగతులు ఒక్క లైన్‌లో చెప్పేస్తాను: వేగంగా సాగే భాగం మెట్రోనోమ్ (లయ కొట్టే పరికరం) నిమిషానికి 92 దెబ్బల్లో పెట్టినా చూడకుండా మొత్తం వచ్చేసింది, ఎడమ చెయ్యి తీగల మీద పైకి, థర్డ్ పొజిషన్‌కి జరిగేటప్పుడు శ్రుతి తప్పడం దాదాపు పోయింది. ఇక ఈ వణుకు ఒక్కటే మిగిలింది.

ఈ వారం దాన్ని కాస్త లెక్కల్లో పట్టుకోవాలని కూర్చున్నాను. మెట్రోనోమ్ 60లో పెడితే, ఒక కమానుకి 4 సెకన్లయితే ఎవరున్నా ఏ ఇబ్బందీ లేదు. 8 సెకన్లయితే ఒంటరిగా శుభ్రంగా వస్తుంది, ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేశానంటే మాత్రం సరిగ్గా 3వ సెకను దగ్గర మొదలవుతుంది. 12 సెకన్లయితే రికార్డింగ్ లేకపోయినా చివర్లో కొంచెం తెలుస్తుంది. నిన్న ఇద్దరి ముందు వాయించింది 8 సెకన్లదే, కానీ మొదటి సెకనులోనే వణికింది.

ఫోన్‌ని సెకనుకి 240 ఫ్రేముల స్లో మోషన్‌లో పెట్టి కమాను కొసని వీడియో తీశాను. కొస ఒకసారి ఎగిరాక మళ్లీ ఎగరడానికి 24 నుంచి 27 ఫ్రేములు పడుతోంది, అంటే సెకనుకి 9, 10 సార్లు. ఎవరి చేతికైనా మామూలుగానే సెకనుకి 8 నుంచి 12 సార్లు కదిలే సన్నని వణుకు ఉంటుంది, అడ్రినలిన్ పెరిగితే అదే పైకి కనిపించేంత పెద్దదవుతుంది. ఈ లెక్క సరిపోయాక మనసు ఎంత తేలికపడిందో చెప్పలేను. అందరి చేతుల్లో ఉండేదే నా చేతిలోనూ ఉంది, 75 సెంటీమీటర్ల కర్రని ఒక చివర పట్టుకుంటే వేళ్ల దగ్గర కనపడనంత కదలిక రెండో చివర కొట్టొచ్చినట్టు కనపడుతుంది కదా.

ముందు కమాను బిగింపు మీద అనుమానం వచ్చింది. వెంట్రుకలకీ కర్రకీ మధ్య 9 మిల్లీమీటర్లు ఉంచేవాణ్ని, 6కి తగ్గించాను. ఎగురుడు కాస్త మెత్తబడింది, పోలేదు. తీగలు మార్చాలేమో అని కూడా అనిపించింది కానీ నేను వాడే డామినెంట్ (సింథటిక్ తీగల రకం) తీగలంటే నాకు ఇష్టం. స్టీల్ తీగలు చిన్న తేడాని కూడా గట్టిగా బయటపెట్టేస్తాయి, ఇవి కొంచెం ఓర్చుకుంటాయి. అందుకని వాటిని కదపలేదు. అసలు దోషి బొటనవేలు అని వీడియో చూశాకే తెలిసింది. వణుకు మొదలవడానికి అర సెకను ముందు బొటనవేలి కణుపు వెనక్కి విరిచినట్టు నిటారుగా అయిపోతోంది, గోరు అంచు తెల్లబడుతోంది, దాంతో పాటే చిటికెన వేలు కర్రలా బిగుసుకుపోతోంది.

తర్వాత చేసిన ప్రయోగం నాకు అన్నిటికంటే బాగా నచ్చింది. మామూలుగా నా నాడి 74, మనుషుల ముందు మొదలుపెట్టే ముందు వాచీలో 118 చూపించింది. సరే అని మెట్లు గబగబా ఎక్కి దిగి 118కి తెచ్చుకుని, వెంటనే 8 సెకన్ల స్వరం వాయించాను. గదిలో ఎవరూ లేరు, భయమూ లేదు, అయినా 3వ సెకనులో అదే వణుకు! అప్పట్నుంచి 6 రోజులు రోజుకి 10 సార్లు అలాగే, గుండె కొట్టుకుంటుండగా, బొటనవేలు వంచి ఉంచడం ఒక్కటే చూసుకుంటూ వాయించాను. 3వ సెకను కాస్తా 6వ సెకనుకి జరిగింది. 'ఎదురుగా ఎవరూ లేరనుకో' అని చాలామంది సలహా ఇస్తారు, నాకది ఎప్పుడూ పనిచేయలేదు. ఉన్నవాళ్లని లేరనుకోవడానికే సగం ఓపిక అయిపోతుంది. కొందరు వాద్యకారులు కచేరీకి ముందు ప్రొప్రనొలాల్ (గుండె వేగం తగ్గించే మందు) మాత్ర వేసుకుంటారని తెలుసు, డాక్టర్ని అడగకుండా దాని జోలికి పోకూడదు. నేను మెట్ల దారినే నమ్ముతున్నాను.

మరి నిన్న ఎందుకు కుదరలేదు? అక్క ఒక మాట చెప్పింది. "నువ్వు కమాను ఎత్తగానే ఊపిరి బిగబట్టావురా, స్వరం అయిపోయేదాకా వదల్లేదు." వీడియోలో నేను చేతినే చూసుకుంటున్నాను, ఛాతీ ఫ్రేములోనే లేదు. నా అనుమానాలు ఇంకో రెండున్నాయి. ఒకటి, కమానుని గాల్లోంచి తీగ మీదికి దించుతూ మొదలుపెట్టాను, నిశ్శబ్దంలో ఆ దిగడం దగ్గరే చెయ్యి తడబడింది. రెండోది, పక్కవాళ్లకి ఇబ్బంది అని నెలల తరబడి శబ్దం తగ్గించే రబ్బరు మ్యూట్ పెట్టుకునే సాధన చేశాను. నిన్న అది తీసేసరికి నా స్వరం నాకే పెద్దగా, కొత్తగా వినిపించి ఒక్కసారి ఉలిక్కిపడ్డాను. ఇదే అసలు కారణమేమోనని బలంగా అనిపిస్తోంది.

హొరోవిట్జ్ అంతటి పియానిస్టు 1953 నుంచి 1965 దాకా వేదిక ఎక్కలేదు. కసాల్స్‌కి జీవితాంతం వేదిక టెన్షన్ పోలేదు, అయినా చెల్లో వాయిస్తూనే ఉన్నాడు. టెన్షన్ పూర్తిగా పోయాకే ఎదుటివాళ్ల ముందు కూర్చుంటానని అనుకోవడం నేను మానేశాను.

ఈ వారం మ్యూట్ లేకుండా రోజుకి కనీసం 20 నిమిషాలు, పగటిపూటే. కమానుని ముందే తీగ మీద ఆన్చి, చెయ్యి బరువు దిగిందని తెలిశాక, ఊపిరి వదులుతూ లాగడం మొదలుపెడతాను. వాయించే వరస కూడా మారుస్తున్నాను. వేగం భాగం ముందు, చెయ్యి వేడెక్కాక దీర్ఘ స్వరం. వీడియో ఈసారి నడుము దాకా వచ్చేలా తీస్తాను. ఆదివారం అక్క ఒక్కతే కూర్చుంటానంది, ఆ పై వారం ఇద్దరు. ఒక్కరి ముందు 6వ సెకను దాటితే చాలు, కొత్తగా నేర్చుకోవాలని పక్కన పెట్టుకున్న నెమ్మది రచన మొదలుపెట్టేస్తాను, అందులో 8 సెకన్ల కమానులు వరసగా 4 ఉన్నాయి.