నీడ చివర పెట్టిన రాయి

డిసెంబరు 27, రాత్రి తొమ్మిదిన్నర.

సెలవులు మొదలై ఇవాళ్టికి నాలుగు రోజులు. మొదటి మూడు రోజులూ ఏం చేశావంటే చెప్పడానికి ఏమీ లేదు. తెరలు దించిన గది, మీద దుప్పటి, చేతిలో ఫోను. ఏడాది పొడుగునా ఈ సెలవుల కోసమే ఎదురుచూశాను. తీరా వచ్చాక మనసు ఇంత బరువెక్కింది. పనులున్న రోజుల్లో ఆ పనులే మనల్ని లాక్కుపోతాయి. ఖాళీ రోజుని ఎక్కడ పట్టుకుని లేవాలో తెలియదు. కాస్త మనసు కుదుటపడ్డాక లేద్దాం అనుకుంటూ పడుకున్నాను. పడుకున్నకొద్దీ ఇంకా దిగాలుగా ఉంది.

ఇవాళ పొద్దున్నే చిట్టి వచ్చి దుప్పటి లాగేసింది. మా అక్క కూతురు, ఎనిమిదిన్నరేళ్ళది, సెలవులకని మా ఇంటికొచ్చింది. "పిన్నీ, బయటికెళ్తే నోట్లోంచి పొగొస్తోంది. ఎండొస్తే పోతుంది, తొందరగా రా!" అంది. లేవాలనేమీ అనిపించలేదు. కానీ దాని కంగారు చూసి లేచాను.

పది నిమిషాలు ఇద్దరం నిలబడి పొగలు వదిలాం. ఊపిరిలో ఉన్న ఆవిరి చల్లగాలి తగలగానే సన్నటి నీటి తుంపరగా మారుతుందని చెప్పాను. అయితే ఇది మబ్బా అని అడిగింది. అవును, మబ్బు పుట్టేదీ అలాగే. తన నోట్లోంచి మబ్బులొస్తున్నాయని తెలిశాక ఇక దాన్ని ఆపలేకపోయాను.

ఆ తర్వాత కంచె మీద సాలెగూళ్ళు చూశాం. అవి రోజూ అక్కడే ఉంటాయి కాబోలు, మంచు బొట్లు పట్టేదాకా కళ్ళబడవు. చిట్టి పదిహేడు లెక్కపెట్టింది. ఒకదానికి మధ్యలో సాలీడు కూడా ఉంది, కాళ్ళన్నీ ముడుచుకుని, ఎండ కోసమే కూర్చున్నట్టు. ఆ బొట్లు ఒక్కొక్కటీ ఆరిపోయేదాకా అక్కడే నిలబడ్డాం. లోపలికొచ్చి చూస్తే గంట గడిచిపోయింది. ఆ గంటలో ఫోను గుర్తే రాలేదు.

వెలుతురు సంగతి నాకు తెలియనిది కాదు. చలికాలంలో మాత్రమే వచ్చి, ఎండలు ముదిరే వేళకి తగ్గిపోయే దిగులుని 1984లో నార్మన్ రోసెంతాల్ అనే వైద్యుడూ ఆయన సహచరులూ ఒక జబ్బుగా గుర్తించి దానికి పేరు పెట్టారు. ఇంట్లో దీపాల వెలుతురు మామూలుగా కొన్ని వందల లక్స్ (వెలుతురుని కొలిచే ప్రమాణం) ఉంటుంది. మబ్బు పట్టిన రోజున కూడా ఆరుబయట అది వేలల్లో ఉంటుంది. మన కంటికి ఆ తేడా అంతగా తెలియదు గానీ, నిద్రనీ మెలకువనీ నడిపే లోపలి గడియారానికి పొద్దుటి వెలుతురే సంకేతం. నాది జబ్బు అనను. వారాల తరబడి వదలని దిగులైతే డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే, సాలెగూళ్ళు చూస్తే పోయేది కాదది. కానీ మూడు రోజులు తెరలు దించుకుని నా వెలుతురుని నేనే అడ్డుకున్నాను. అది మాత్రం నిజం.

పది గంటలకి రగ్గులన్నీ తీసుకెళ్ళి ఎండలో వేశాం. చేతులు కదులుతుంటే ఒంట్లో వేడి పుట్టింది. వాటి పక్కనే కూర్చుని ఎండ కాగాం, అంతే.

మధ్యాహ్నం చిట్టి అడిగింది, "సూర్యుడు దూరంగా వెళ్ళిపోతాడు కదా పిన్నీ, అందుకేనా చలి?" నేనూ చిన్నప్పుడు అలాగే అనుకునేదాన్ని. నిజానికి ఏడాది మొత్తంలో భూమి సూర్యుడికి బాగా దగ్గరగా ఉండేది జనవరి మొదటి వారంలో, 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో. జులైలో అది 15.2 కోట్లవుతుంది. చలికి కారణం దూరం కాదు, భూమి 23.4 డిగ్రీలు ఒరిగి ఉండటం. ఈ నెలల్లో మన ఉత్తరార్ధగోళం సూర్యుడికి అవతలి వైపు వాలి ఉంటుంది కాబట్టి ఎండ ఏటవాలుగా పడుతుంది. మాటల్లో చెప్తే దానికి అందలేదు. పెరట్లో ఒక కర్ర పాతాం. సరిగ్గా పన్నెండున్నరకి నీడ చివర ఒక రాయి పెట్టాం. 21, 22 తేదీల్లోనే మధ్యాహ్నపు నీడ అన్నిటికన్నా పొడుగు. అక్కణ్ణించి రోజు రోజుకీ పొట్టిదవుతుంది. ఇప్పుడు తేడా వెంట్రుకవాసే. జనవరి నెలాఖరుకి కంటికి బాగా ఆనుతుంది.

సాయంత్రాలే నాకు కష్టం. పొద్దు గుంకగానే గుండెల్లో ఏదో జారినట్టుంటుంది. అయితే పొద్దు అన్నిటికన్నా ముందుగా గుంకే రోజు, పగలు అతి చిన్నదైన రోజు ఒకటి కావు. పొద్దు ముందుగా గుంకే రోజే ముందు వచ్చి వెళ్ళిపోతుంది. అంటే సాయంత్రాలు ఇప్పటికే సాగడం మొదలెట్టాయి. ఈ మాట నేనిన్ని చలికాలాలుగా నాకు చెప్పుకోలేదేమో.

చీకటి పడ్డాక దీపాలు వేసుకుని లోపల కూర్చోకుండా మళ్ళీ బయటికే వెళ్ళాం, ఎండలో వేసిన రగ్గులే కప్పుకుని. కళ్ళు చీకటికి అలవాటు పడటానికి ఇరవై నిమిషాలైనా పడుతుంది. తొందరపడితే ఏమీ కనబడదు. తూర్పున గొల్లకావడి, వరసగా మూడు చుక్కలు. ఆ వరసని పైకి సాగదీస్తే రోహిణి, ఇంకా పైకి వెళ్తే కృత్తికల గుంపు. చిట్టికి ఆ గుంపులో ఆరు కనిపించాయి, నాకు అయిదే. అదే వరసని కిందికి పట్టుకొస్తే లుబ్ధకం, మనకి రాత్రిపూట కనిపించే నక్షత్రాలన్నిటిలోకీ కాంతివంతమైనది. దాని వెలుతురు మన దాకా రావడానికి 8.6 ఏళ్ళు పడుతుందని చెప్పాను.

చిట్టి వేళ్ళ మీద లెక్కేసుకుంది. "అయితే నేను పుట్టినప్పుడు బయల్దేరిందా?"

"ఇంచుమించుగా అప్పుడే."

అది చాలాసేపు మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ఆ చలిలో దాని చెయ్యి నా చేతిలో వెచ్చగా ఉంది. నాలుగు రోజుల్లో మొదటిసారి, ఇంకాసేపు ఇలాగే ఉంటే బాగుండు అనిపించింది.

పడుకోబోతూ ఒక మాట తీసుకుంది నా దగ్గర. తను 2వ తేదీన వెళ్ళిపోతుందట. ఆ తర్వాత కూడా కర్ర పీకకూడదట. సెలవు రోజున పన్నెండున్నరకి నీడ చివర రాయి పెట్టి, మొదటి రాయికీ దీనికీ ఎన్ని వేళ్ళ దూరమో కొలిచి తనకి ఉత్తరం రాయాలట. ఫోన్లో చెప్తే కుదరదట, ఉత్తరమే కావాలట. సరేనన్నాను. గదిలో తెరలు పైకి కట్టేశాను. రగ్గుకి ఇంకా ఎండ వాసన పోలేదు.