నీళ్లు లేని రోజున చిత్తడి నేలను గుర్తుపట్టడం

ఒక నిర్మాణ స్థలంలో మళ్లీ అదే ప్రశ్న ఎదురైంది: "ఇక్కడ చుక్క నీరు లేదు, దీన్ని చిత్తడి నేల అని ఎలా అంటారు?"

ఆగర్ (నేలను తొలిచి మట్టి తీసే పరికరం) దింపి మట్టి తీసి చూపించాను. బూడిద రంగు బంకమట్టి, అందులో పాత వేర్ల వెంట తుప్పు రంగు చారలు. చాలాకాలం నీరు నిలిస్తే మట్టిలో ఆక్సిజన్ హరించుకుపోతుంది, ఇనుము కరిగి తరలిపోతుంది, ఎరుపు వెలిసిపోతుంది. వేర్ల గుండా గాలి అందిన చోట మాత్రం ఆ ఇనుమే తుప్పుగా పేరుకుంటుంది. నీరు ఇంకినా ఈ ఆనవాళ్లు అంత తేలికగా చెరగవు. చిత్తడి నేలల పరిరక్షణ కోసం కుదిరిన 1971 నాటి అంతర్జాతీయ రామ్‌సర్ ఒప్పందం కూడా తాత్కాలికంగా నీరుండే చోట్లను చిత్తడి నేలలుగానే లెక్కిస్తుంది.

ఆ తర్వాత వచ్చిన ప్రతిపాదన నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఇప్పుడు ఎండి ఉన్న ఈ మడుగును పూడ్చి, బదులుగా ఏడాదంతా నీరుండే చెరువు తవ్వి చేపలు వదులుతారట. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఇలాంటి మడుగు ఏటా ఎండుతుంది కాబట్టే అందులో చేపలు నిలవవు; చేపలు లేవు కాబట్టే కొన్ని రకాల కప్పల గుడ్లు, తోకకప్పలు బతికి బట్టకడతాయి. చేపలను వదిలితే ఆ కప్పలకు ఆ కాస్త ఆశ్రయమూ పోతుంది.

జీవులు నీటిలో వదిలిన డీఎన్ఏను నీటి నమూనాలో పరీక్షిస్తే అరుదైన జీవి జాడ తెలియవచ్చు, ఎన్ని ఉన్నాయో మాత్రం కచ్చితంగా తెలియదు. పైగా నీరు ఉండాలి కదా! అందుకే మడుగు నిండాక మరోసారి సర్వే చేసేవరకు అనుమతి ఇవ్వవద్దని నివేదికలో గట్టిగా రాశాను.