నడుం నొప్పికి నేను వేసిన మార్కులు

నాకు నడుం నొప్పి మొదలై ఆరేళ్లు దాటింది. హైస్కూల్లో లెక్కల టీచర్ని, రోజుకు ఐదు పీరియడ్లు నిలబడే పాఠం చెప్పాలి. మొదట వెళ్లిన చోట స్కాన్ తీసి, డిస్క్ బల్జ్ (వెన్నుపూసల మధ్య మెత్త ఉబ్బడం) అని రాసి, బెల్టు ఇచ్చి, మూడు వారాలు మంచం దిగొద్దన్నారు. దిగలేదు. లేచాక నొప్పి అలాగే ఉంది, పైగా కాళ్లలో సత్తువ పోయింది.

పోయినేడు వేసవిలో వేరే డాక్టరు ఆ రిపోర్టు చూసి ఏమాత్రం కంగారు పడలేదు. నొప్పే లేనివాళ్లకు తీసినా ఇలాంటి బల్జ్‌లు బోలెడు కనిపిస్తాయట. మూడు నెలలు దాటిన నొప్పి కాబట్టి దీన్ని మీరే చూసుకోవాలి, వెనక మేముంటాం అన్నారు. బెల్టు తీసేయించారు. (మామూలుగా బెల్టులు వాడొద్దనే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మార్గదర్శకాల్లోనూ ఉందని తర్వాత చదివాను. నా బెల్టు పన్నెండు వందలు!) వారం వారం ఫోన్ చేయడానికి ఒక సిస్టర్‌కి అప్పగించారు. మా అబ్బాయి అడుగులు లెక్కపెట్టే తన పాత బ్యాండు నా చేతికి కట్టాడు.

బ్యాండు తీయకూడదు, రాత్రి పడుకోబోయే ముందు నొప్పికి పదికి ఎన్నో మార్కు వేయాలి. సిస్టర్ చెప్పింది ఇంతే. మార్కులు వేయడం నాకు కొత్తా!

మూడో శనివారం ఫోన్లో అడిగింది. "మేడం, ఆదివారం పదకొండు వేల అడుగులున్నాయి. సోమ, మంగళవారాలు రెండు వేలు కూడా లేవు. ఆదివారం ఏం చేశారు?"

"ఆవకాయ పెట్టానమ్మా."

రైతుబజారుకు వెళ్లి కాయలు తెచ్చి, కడిగి తుడిచి, వంగి కూర్చుని పాతిక కాయలు కొట్టి, నడుం బాగానే ఉంది కదా అని అటకలు కూడా దులిపాను.

"ఆ రోజు మార్కెంత?"

"రెండు."

"సోమవారం?"

"ఏడు."

ఆమె ఇంకేమీ అనలేదు. ఆరేళ్లుగా నొప్పి వచ్చిన రోజును తిట్టుకున్నానే గానీ, దాని ముందు రోజును ఎప్పుడూ అనుమానించలేదు.

అప్పటినుంచి బాగున్నా బాగోకపోయినా రోజుకు నాలుగు వేల అడుగులు. నొప్పి ఉన్నప్పుడు నడవడం కంటే, లేనప్పుడు ఆగడమే నాకు కష్టమైంది. పదిరోజులకోసారి మూడొందలు పెంచుతూ ఆరు వేల దగ్గర నిలిపాం. ఫిజియో నేర్పిన వ్యాయామాలు పొద్దున పది నిమిషాలు. అరగంట కదలకపోతే బ్యాండు చేతిమీద గుర్రుమంటుంది. పేపర్లు దిద్దేటప్పుడు మొదట్లో విసుక్కునేదాన్ని. ఇప్పుడు అది మోగితే స్టాఫ్‌రూమ్‌లో పక్కావిడ కూడా లేస్తోంది.

బ్యాండు చూపించే నిద్ర స్కోరు మాత్రం నాకు పడలేదు. హాయిగా లేచిన రోజు కూడా 58 అని చూపిస్తే ఒకటే టెన్షన్. దాన్ని తీయించేసింది సిస్టర్.

అక్టోబరులో శ్రీకాకుళంలో పెళ్లికని రాత్రంతా బస్సులో కూర్చున్నాను. దిగేసరికి నొప్పి ఎనిమిది, ఎడమ కాలు లాగేస్తోంది. సిస్టర్‌కి ఫోన్ చేస్తే ముందు ప్రశ్నలు. కూర్చునే చోట తిమ్మిరి ఉందా? మూత్రం పట్టు తప్పడం గానీ, రాకపోవడం గానీ ఉందా? పాదం ఎత్తగలుగుతున్నారా? వీటిలో ఏ తేడా ఉన్నా వెంటనే ఆస్పత్రికే వెళ్లాలంది. అదృష్టం, ఏదీ లేదు. "అయితే పడుకోవద్దు మేడం. గంటకోసారి ఐదు నిమిషాలు నడవండి, కాపడం పెట్టుకోండి. రేపు మళ్లీ చేస్తాను." తలంబ్రాలు నిలబడే చూశాను. నాలుగో రోజుకు నొప్పి నాలుగుకు దిగింది.

నొప్పి పూర్తిగా పోలేదు. చాలా రోజులు రెండో మూడో ఉంటుంది. సిస్టర్ ఫోన్ ఇప్పుడు నెలకోసారే. ఈ ఏడు ఆవకాయకు కాయలు బజార్లోనే కొట్టించాను, అటకల జోలికి పోలేదు. జాడీకి వాసెన కట్టాక ఇంకో పని అందుకోబోయి, అడుగులు చూసుకుంటే 6,100. ఆపేసి టీవీ ముందు కూర్చున్నాను. అరగంటకు బ్యాండు గుర్రుమంది.