తీర్థన్ ఒడ్డున పన్నెండు గాలాలు

ట్రౌట్ చేపల పోటీ పెడుతున్నానని చెప్పినప్పుడు మా నాన్నగారు ఫోనులో రెండే ప్రశ్నలు అడిగారు. పట్టిన చేపలన్నీ వదిలేస్తే గెలిచింది ఎవరో ఎలా తెలుస్తుందన్నది మొదటిది. కాసేపు ఆగి అడిగింది రెండోది: "అది ఆ పిల్లలు పోయిన నదేనా?"

ఆ నది కాదు. కానీ దానికి దూరమూ కాదు. 2014 జూన్ 8న లార్జీ ఆనకట్ట దిగువన, బియాస్ నదిలో ఒక్కసారిగా పెరిగిన నీళ్లలో హైదరాబాదు నుంచి విహారయాత్రకు వచ్చిన 24 మంది ఇంజనీరింగ్ విద్యార్థులు కొట్టుకుపోయారు. తెలుగు ఇళ్లలో హిమాచల్ ప్రదేశ్ పేరు ఎత్తితే ఇప్పటికీ ముందు గుర్తొచ్చేది అదే. మా పోటీ జరిగిన తీర్థన్ నది ఆ లార్జీ దగ్గరే బియాస్‌లో కలుస్తుంది. తేడా ఒక్కటే. జలవిద్యుత్ ప్రాజెక్టులు వద్దని లోయ ప్రజలు గట్టిగా నిలబడడం వల్ల తీర్థన్ నేటికీ స్వేచ్ఛగా పారుతోంది. పైనుంచి ఎవరో గేట్లు ఎత్తుతారన్న భయం లేదు. అయినా కొండ నది కొండ నదే. నాన్నగారి రెండు ప్రశ్నలకూ జవాబులు సిద్ధం చేసుకోవడానికే నాకు ఆరు నెలలు పట్టింది.

నేను బ్యాంకు ఉద్యోగిని. బదిలీ మీద కుల్లు జిల్లాకు వచ్చి మూడేళ్లయింది. చిన్నప్పుడు కోనసీమలో కాలువ గట్టున కూర్చుని, వానపాము గుచ్చి, బెండు మునిగేదాకా చూస్తూ జెల్లలు పట్టినవాణ్ణి. ఇక్కడి ఫ్లై ఫిషింగ్‌లో ఎర ఉండదు, బెండు ఉండదు, సీసపు గుండు కట్టి విసరడమూ ఉండదు. చిన్న గాలానికి ఈకలు, దారం, బొచ్చు చుట్టి పురుగులా తయారు చేస్తారు, దాన్నే ఫ్లై అంటారు. దానికి బరువే ఉండదు కనుక దాన్ని మోసుకుపోయేది మందపాటి దారం బరువే. దారాన్ని వెనక్కి విసిరి, అది గాలిలో పూర్తిగా చాచుకునేదాకా ఆగి, అప్పుడు ముందుకు వేయాలి. ఆ ఆగడం చేతికి పట్టుబడడానికి నాకు ఒక వేసవి పట్టింది.

ట్రౌట్ ఇక్కడి చేప కాదు. బ్రిటిష్ వాళ్లు కశ్మీరు నుంచి గుడ్లు తెప్పించి, 1909లో కుల్లు లోయలోని కట్రాయిన్ దగ్గర పొదిగించారు. ఒంటి మీద ఎర్రటి, నల్లటి చుక్కలుండే బ్రౌన్ ట్రౌట్ అప్పటి నుంచి ఈ చల్లటి నీళ్లలో సొంతంగా బతుకుతోంది. ఇక్కడి అసలు సిసలు చేపను ఇంగ్లీషు వాళ్లు స్నో ట్రౌట్ అని పిలిచారు గానీ, నిజానికి అది మన శీలావతి, బొచ్చెల కుటుంబానికి చెందినది. పోటీలో అది పడితే పాయింట్లు ఇవ్వకూడదనీ, వదిలేటప్పుడు మాత్రం ట్రౌట్ కంటే ఎక్కువ జాగ్రత్త పడాలనీ మొదటి రోజే రాసిపెట్టాను. ఈ నదికి సొంత బిడ్డ అదే.

తేదీ దగ్గరే మొదటి తప్పు చేశాను. వానలు వెళ్లాక అక్టోబరులో నీళ్లు అద్దంలా ఉంటాయి, దసరా సెలవులూ కలిసొస్తాయి అనుకున్నాను. తీర్థన్ ఒడ్డునున్న గుషైణీ ఊళ్లో మేం దిగే ఇంటి యజమాని తల అడ్డంగా ఊపాడు. దేశమంతా దసరా ముగిసే విజయదశమి నాడే కుల్లులో దసరా మొదలవుతుంది. ఏడు రోజుల పాటు లోయలన్నిటి నుంచీ దేవతలను పల్లకీల మీద ఢాల్‌పూర్ మైదానానికి తీసుకువెళతారు. "మా దేవత వెనక మేమంతా వెళ్లిపోతాం. మీకు వంట ఎవరు చేస్తారు, నది దగ్గర ఎవరు నిలబడతారు?" అన్నాడు. మూడేళ్లుగా ఇక్కడ ఉంటూ ఆ సంగతి నాకు తట్టకపోవడం బాధ కలిగించింది.

అయితే అక్టోబరు చివరి వారం పెడదామన్నాను. ఈసారి అడ్డు చెప్పింది ఆ ఊళ్లో అందరూ చాచా అని పిలిచే పెద్దాయన. నవంబరు 1 నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా ఇక్కడ ట్రౌట్ వేట నిషేధం. ఆ నెలల్లో ఆడచేప తోకతో గులకరాళ్లను తవ్వి, ఆ గుంటలో గుడ్లు పెట్టి, మళ్లీ రాళ్లు కప్పుతుంది. "చట్టం నవంబరు అంటుంది. చేప కడుపు అంతకంటే ముందే నిండుతుంది. నిండు చూలాలిని పరుగు పెట్టిస్తావా, బాబూ?" అన్నారు చాచా. నా దగ్గర సమాధానం లేదు. పోటీని ఏప్రిల్ మొదటి వారానికి జరిపాను. అప్పటికీ కొన్ని చోట్ల పిల్లలు గులకల మధ్యే ఉంటాయట. అందుకని ఆయన్ను వెంటబెట్టుకుని ఒడ్డంతా నడిచి, కాలు పెట్టకూడని గులక మేటలున్న చోట్ల ఒడ్డున ఎర్ర గుడ్డపీలికలు కట్టాను.

ఏప్రిల్‌కు దాని చిక్కు దానికుంది. పొద్దెక్కేకొద్దీ పైన మంచు కరుగుతుంది. ఆ నీళ్లు మధ్యాహ్నానికి కిందికి వచ్చి నది పెరుగుతుంది, రంగు మారుతుంది. వారం రోజుల పాటు ఒక బండరాయి మీద సుద్దతో గీతలు గీసి చూశాను. పొద్దున ఎనిమిదికీ మధ్యాహ్నం మూడుకీ మధ్య జానెడు తేడా కనిపించింది. దాంతో పోటీ వేళ ఎనిమిది నుంచి పదకొండు వరకేనని ఖాయమైంది. ఆ తర్వాత ఎవరూ నీళ్లలో ఉండకూడదు. నాన్నగారికి చెప్పగలిగిన మొదటి గట్టి మాట అదే.

లైసెన్సుల పని తేలికగానే అయింది. పన్నెండు మందికీ రెండు రోజులకు మత్స్యశాఖ లైసెన్సులు తీసుకున్నాం. గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్కు జోలికి వెళ్లకుండా, దాని హద్దుకు బాగా దిగువనే నదిని ఆరు వాటాలు చేశాం. ఒక్కో వాటా సుమారు మూడు వందల అడుగులు. వాటాకు ఇద్దరు. ఒకరు గంటన్నర గాలం వేస్తే రెండోవారు కొలిచి కార్డులో రాయాలి, తర్వాత మారాలి. నేను గాలం పట్టకూడదని ముందే నిర్ణయించుకున్నాను. తగువు తీర్చవలసినవాడు ఆటలో ఉండకూడదు. పైగా మెడలో ఈల వేసుకుని, ఒడ్డంతా తిరుగుతూ మనుషులను లెక్కపెట్టుకునేవాడు ఒకడు కావాలి.

ఇక నాన్నగారి మొదటి ప్రశ్న. బరువు తూచాలంటే చేపను నీళ్లలోంచి తీసి వేలాడదీయాలి. అందుకే ప్రపంచ పోటీల్లో కూడా పొడవునే కొలుస్తారు. బంజార్‌లో నీళ్ల పైపులు బిగించే ఒకతను ప్లాస్టిక్ గొట్టాలను నిలువునా సగానికి కోసి, ఒక చివర మూత బిగించి ఇచ్చాడు. లోపల సెంటీమీటర్ల గీతలు నేనే గీశాను. ఆ దొప్పను నీళ్లలో ముంచి, వలలోని చేపను అందులోకి జారిస్తే దాని ముక్కు మూతకు ఆనుతుంది. తోక దగ్గర గీత చదివి, వెంటనే దొప్ప వంచేయాలి. మొత్తం ఐదారు క్షణాల పని. చేపను ముట్టుకునే ముందు చేతులు తడపాలి. పొడి చేయి తగిలితే దాని ఒంటి మీది జిగురు పొర ఊడిపోయి, రోగాలు అంటుకుంటాయి. గాలం కొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే ముల్లును పటకారుతో నొక్కేయాలి. ముల్లు లేకపోతే చేప నిలుస్తుందా అని నాన్నగారు అనుమానపడ్డారు. దారం బిగువు సడలనివ్వకపోతే నిలుస్తుంది. సడలితే పోతుంది, అది చేప హక్కు.

20 సెంటీమీటర్లు దాటిన చేపకు 100 పాయింట్లు, దానికి తోడు పొడవులో ప్రతి సెంటీమీటరుకు 20. కానీ మొత్తం పాయింట్లు కలిపి విజేతను తేల్చలేదు. చీటీలో మంచి వాటా వచ్చినవాళ్లే గెలిచే ప్రమాదం ఉంది. అందుకని ఏ రోజుకారోజు పాయింట్లను బట్టి స్థానాలిచ్చి, రెండు రోజుల స్థానాలు కలిపాం. ఆ మొత్తం ఎవరికి తక్కువైతే వారిదే గెలుపు. ఈ లెక్క బోధపరచడానికి ముందు రోజు రాత్రి పొయ్యి చుట్టూ కూర్చుని చాలాసేపు మాట్లాడవలసి వచ్చింది.

శనివారం పొద్దున ఎండ కాసింది. ఇరవై ఏడు చేపలు కొలిచాం. ఒక్క గొడవ మాత్రం నా మనసులో ఇంకా ఉంది. ఢిల్లీ నుంచి వచ్చిన మిత్రుడి గాలానికి ఆ రోజుకల్లా పెద్ద చేప పడింది. వల అంచుదాకా వచ్చి జారిపోయింది. నలభై ఐదు సెంటీమీటర్లు ఉంటుందని, కార్డు పట్టుకున్నతను కూడా సాక్ష్యం చెప్పాడు. ఇద్దరూ అబద్ధం చెప్పే మనుషులు కారు. అయినా దొప్పలో పడనిది లెక్కలోకి రాదన్నాను. భోజనం దగ్గర ఆయన మాట్లాడలేదు. సాయంత్రం ఆయన పక్కన వెళ్లి కూర్చున్నాను. క్షమాపణ అడగలేదు, ఎందుకంటే తీర్పు సరైనదే. ఆ చేప ఎలా లాగిందో చెప్పమన్నాను. అరగంట చెప్పారు.

రాత్రి వాన పడింది. ఆదివారం ఆరు గంటలకు వెళ్లి చూస్తే గుషైణీ దగ్గర పలాచన్ వాగు మట్టిరంగులో దిగి తీర్థన్‌లో కలుస్తోంది. సంగమం కింద నది సగం బురదగా, సగం పచ్చగా రెండు పాయలై పారుతోంది. ఎగువన తీర్థన్ మాత్రం తేటగానే ఉంది. పైనంతా కాపాడుకున్న అడవి కావడం వల్లనే అనుకుంటాను. చాచాతో కలిసి ఆరు వాటాలనూ సంగమానికి ఎగువకు మార్చి, సగానికి కుదించాను. వాన మళ్లీ మొదలైతే మూడు ఈలలు, అప్పుడు చేతిలో చేప ఉన్నా సరే వదిలి ఒడ్డెక్కాలని అందరితో పైకి చెప్పించాను. పదిన్నరకు చినుకులు పడ్డాయి. ఈల ఊదాను. పన్నెండు మంది ఒడ్డున నిలబడ్డాక మూడుసార్లు లెక్కపెట్టాను.

ఆదివారం పద్నాలుగు చేపలు పడ్డాయి. మొదటి రోజు ఒక్కడే ఏడు పట్టి అందరి కంటే ముందున్న కుర్రవాడికి రెండో రోజు ఒక్కటీ పడలేదు. బంజార్‌లో బడి పంతులమ్మగా పనిచేసే ఆవిడ మొదటి రోజు మూడో స్థానం, రెండో రోజు రెండో స్థానం, మొత్తం ఐదుతో గెలిచారు. బహుమతి కుల్లు టోపీ ఒక్కటే. డబ్బు పెట్టి ఉంటే దొప్పలో గీతలు సాగేవి.

ఆ రాత్రి నాన్నగారు ఫోను చేశారు. అందరూ బాగున్నారని ముందు చెప్పాను.

"ఎన్ని పట్టారు?"

"నలభై ఒకటి."

"ఎన్ని వదిలారు?"

"నలభై ఒకటీ వదిలాం. నలభై బతికాయి."

మేం దారానికి రెండు ఫ్లైలు కట్టుకోనిచ్చాం. ఆదివారం ఒక చేప పై ఫ్లైని నోట పట్టుకుని పెనుగులాడుతుంటే, వేలాడుతున్న రెండో ఫ్లై దాని మొప్పలో దిగింది. పంతులమ్మే దాన్ని ఎదురునీటికి ముఖం పెట్టి పట్టుకుని, తన సమయం పోతున్నా లెక్కచేయకుండా పదిహేను నిమిషాలు కూర్చున్నారు. నెత్తురు ఆగలేదు. ఇరవై ఆరు సెంటీమీటర్ల చేప. ఆవిడ దాన్ని కార్డులో రాయవద్దన్నారు. కొలిచాం కనుక రాయాలని నేనన్నాను. ఆ తర్వాత దాన్ని నీళ్లలోనే వదిలేశాం.

నాన్నగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "రెండెందుకు కట్టారు?" అని అడిగారు.

వచ్చే ఏప్రిల్ పోటీ కార్డులు ఈ వారమే అచ్చు వేయించాను. ఒక దారానికి ఒకే ఫ్లై అన్న వాక్యం అన్నిటికంటే పైన, పెద్ద అక్షరాల్లో ఉంది.