తం నుమః తర్వాత ఒక్క క్షణం

ఆంగికం భువనం యస్య
వాచికం సర్వవాఙ్మయమ్ ।
ఆహార్యం చంద్రతారాది
తం నుమః సాత్త్వికం శివమ్ ॥

నందికేశ్వరుడి నాట్యగ్రంథం అభినయదర్పణంలో మొట్టమొదటి శ్లోకం ఇది. కూచిపూడి క్లాసులో భూమికి మొక్కి, చేతులు జోడించి ఇది చెప్పుకున్నాకే మా అడుగు కదిలేది. ఈ లోకమంతా ఎవరి ఆంగికమో, అంటే ఒంటితో చేసే అభినయమో, సమస్త వాఙ్మయం ఎవరి మాటో, చంద్రుడూ నక్షత్రాలూ ఎవరి నగలో, ఆ సాత్త్విక స్వరూపుడైన శివుడికి నమస్కారం అని అర్థం. ఏళ్ల తరబడి ఎక్కాల్లా అప్పజెప్పాను. మా గురువుగారు మాత్రం "తం నుమః" దగ్గర ఒక్క క్షణం ఆగి, ఆ తర్వాతే "సాత్త్వికం శివం" అనేవారు. ఊపిరి తీసుకోవడానికేమో అనుకునేదాన్ని.

నా మొదటి ప్రదర్శనలో వసుదేవుడు పసికందును తల మీద పెట్టుకుని యమున దాటే ఘట్టం చేశాను. పాపిడి పక్కన పెట్టిన చంద్రవంక, పిన్ను వదులై, జారిపోతూ ఉంది. నా ధ్యాసంతా దాని మీదే. అడుగు తప్పలేదు, తాళం తప్పలేదు. చప్పట్లు కూడా బాగానే కొట్టారు. లోపలికి వచ్చాక గురువుగారు నా జడలోంచి పిన్నులు ఒక్కొక్కటీ తీస్తూ అడిగారు.

"నదిని చూపించావమ్మా, సరే. నీకు కనిపించిందా?"

నా దగ్గర జవాబు లేదు.

నదికి మేం పట్టేది పతాక హస్తం. నాలుగు వేళ్లూ చేర్చి చాపి, బొటనవేలు మడిస్తే పతాకం. మేఘానికీ అదే, అడవికీ అదే. రాత్రి, గుర్రం, గాలి, అన్నిటికీ ఆ చెయ్యే. ఏ హస్తం వేటికి పట్టాలో చెప్పే ఆ వినియోగాల శ్లోకం అప్పజెప్పాలంటే చిన్నప్పుడు నాకు ఒకటే టెన్షన్. ఒకే చెయ్యి ఇన్ని ఎలా అవుతుందని ఎప్పుడూ అడగలేదు.

ఆ ఏడు కార్తీకంలో తెల్లవారుజామున స్నానానికి నదిలో దిగాను. పిక్కల దాకా నీళ్లు. చలికి కదలకుండా నిలబడి కిందికి చూస్తే, నీరు నా కాలికి తగిలి రెండుగా చీలుతోంది. వెనక్కి వెళ్లి మళ్లీ కలుస్తోంది. కలిసేచోట అరచేతిలో పట్టేంత సుడి. అది తిరుగుతూ పోయి విడిపోతుంది, వెంటనే ఇంకోటి పుడుతుంది. ఎంతసేపు చూశానో తెలీదు. చూస్తూ చూస్తూ ఉండగా నా మణికట్టు దానంతటదే తిరిగింది. ఎవరూ నేర్పని తిప్పు అది. అప్పుడు నోట్లోంచి వచ్చింది, "ఆంగికం భువనం యస్య" అని. ఈ నీరు ఇలా తిరగడం స్వామి పట్టిన హస్తం. నేను క్లాసులో నేర్చుకున్నది దాని నకలు. నకలును చూసి నకలు చేస్తూ వచ్చాను ఇన్నాళ్లూ.

శిల్పులకూ చిత్రకారులకూ కూడా ఊట ఇదే అనిపిస్తుంది. విష్ణుధర్మోత్తర పురాణంలో వజ్రుడనే రాజు మార్కండేయ మహర్షిని విగ్రహాలు చెయ్యడం నేర్పమంటాడు. చిత్రకళ తెలియనిదే అది రాదంటాడు మహర్షి. చిత్రం రావాలంటే నృత్యం తెలియాలి, నృత్యానికి వాద్యం, వాద్యానికి గానం. రాయి చెక్కుతానని వచ్చినవాణ్ణి పాట దగ్గరికి పంపించాడు! పాలంపేటలో 1213 నాటి రామప్ప గుడికి వెళ్లి, చూరు కింద మదనికల్ని, ఆ ఆడే స్త్రీల శిల్పాల్ని, తలెత్తి చూసినవాళ్లకు ఈ మాట వివరించక్కర్లేదు. ఆడుతున్న ఒళ్లు చూసి శిల్పి నల్లరాతిలో ఆ వంపు పట్టుకున్నాడు. ఎన్నో వందల ఏళ్లకు నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణగారు ఆ గుడి శిల్పాలనూ, జాయప సేనాని రాసిన నాట్యగ్రంథం నృత్తరత్నావళినీ పట్టుకుని పేరిణి అనే పాత నృత్యానికి మళ్లీ ప్రాణం పోశారు. ఆటలోంచి రాతిలోకి వెళ్లింది, రాతిలోంచి తిరిగి ఆటలోకి వచ్చింది.

వాచికం గురించి నాకు తోచింది ఒక్కటే. శ్లోకంలో "సర్వ" అని ఉంది. వేదంతో పాటు జోలపాట కూడా అందులోదే.

ఇక ఆహార్యం. నన్ను అంత ఇబ్బంది పెట్టిన ఆ చంద్రవంక, రాళ్లు పొదిగిన చిన్న నగ. ఆయన తల మీది చంద్రుణ్ణి చూసే ఏ కంసాలో మొదట దాన్ని చేసి ఉంటాడు. ఆ సంగతి తెలిసి పెట్టుకుని ఉంటే, జారుతున్నా నాకు అంత బెంగ ఉండేది కాదేమో.

అభినయంలో నాలుగోది సాత్త్వికం, లోపలి భావం ఒంటి మీద తేలడం. దాని దగ్గరే శ్లోకం తీరు మారిపోతుంది. మొదటి మూడూ ఆయనవి. లోకం ఆయనది, మాట ఆయనది, నగలు ఆయనవి. సాత్త్వికానికి వచ్చేసరికి ఆయనది అనలేదు. సాత్త్వికం శివమ్. అది ఆయనే. మిగతా మూడూ కళ్లు తెరిచి చూస్తే లోకంలో దొరుకుతాయి, నదిలో నాకు దొరికినట్టు. కంటనీరు, రోమాంచం, గొంతు వణకడం మాత్రం ఎక్కణ్ణుంచి తెచ్చుకోవాలి? సత్త్వం మనసులోంచి పుడుతుందని, మనసు ఒకచోట కుదిరితేనే పుడుతుందని నాట్యశాస్త్రం చెబుతుంది. నా మనసు ఆ రోజు పిన్ను దగ్గర ఉంది. స్వామి వచ్చినా నిలబడ్డానికి చోటేదీ?

మళ్లీ ఆ ఘట్టం చెయ్యడానికి నాకు రెండేళ్లు పట్టింది. తెర వెనక గజ్జెలు కళ్లకద్దుకుని కట్టుకున్నాను. చంద్రవంక గట్టిగా ఉందో లేదో చూసుకోలేదు. శ్లోకం మొదలుపెట్టి "తం నుమః" దాకా వచ్చేసరికి, ఎవరూ చెప్పకుండానే నా గొంతు ఆగింది. పక్కన గురువుగారు కూడా ఆగే ఉన్నారు. పిక్కల దగ్గర నీళ్లు చల్లగా తగిలాయి.