రెండు సంచులు

పదకొండు దాటింది. అందరూ పడుకున్నారు. నాకు మాత్రం ఒక్క మాట పంటికింద రాయిలా తగులుతూనే ఉంది: పారాచూట్.

మా పెద్దమ్మాయికి ఇక్కడి బళ్ళో ఒక చరిత్ర ప్రాజెక్టు ఇచ్చారు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న 1944లో అమెరికాలో తన ఈడు పిల్ల బడి రోజులు ఎలా గడిచాయో రాయాలి. ఇవాళ చిత్తుప్రతి చూపించింది. అంతా బాగుంది, ఒక్క వాక్యం తప్ప. "హైస్కూల్ పిల్లలు మిల్క్‌వీడ్ కాయలు కోసి ఇచ్చారు, ఆ దూదితో పారాచూట్లు తయారుచేశారు." మిల్క్‌వీడ్ అంటే ఇక్కడ దారుల పక్కన పెరిగే, కాయల్లో దూది ఉండే అడవిమొక్క. తప్పమ్మా అన్నాను. బళ్ళో ఇచ్చిన కాగితం తెచ్చి చూపించింది. అందులోనే అలా ఉంది. అచ్చులో ఉన్నది తప్పెలా అవుతుందంటుంది.

పారాచూట్‌కి గుడ్డ కావాలి. గుడ్డకి దారం కావాలి. మిల్క్‌వీడ్ దూది పొట్టిగా, నున్నగా, పెళుసుగా ఉంటుంది. వడికితే పురి నిలవదు, తెగిపోతుంది. జపాన్ నుంచి పట్టు రావడం ఆగిపోయాక పారాచూట్లకి నైలాన్ వాడారు. మిల్క్‌వీడ్ వెళ్ళింది లైఫ్ జాకెట్ల లోపలికి. ఒక్కో పోగు లోపల బోలుగా ఉంటుంది, పైన సన్నటి మైనపు పూత. అందుకే నీళ్ళు పట్టదు, తేలుతుంది.

అంతకుముందు ఆ జాకెట్లలో కూరేది బూరుగు దూది, జావా నుంచి వచ్చేది. 1942 మార్చిలో జావా జపాన్ చేతికి చిక్కడంతో ఆ దారి మూసుకుపోయింది. ఓడలేమో పెరుగుతున్నాయి, నీళ్ళలో పడే కుర్రాళ్ళూ పెరుగుతున్నారు. మా అత్తయ్యగారు ఎక్కడికెళ్ళినా తన దిండు వెంట తెచ్చుకుంటారు, సూట్‌కేసులో సగం చోటు దానికే పోతుందని ఈయన ప్రతిసారీ గొడవపడతారు. ఆ దిండులో ఉన్నదీ బూరుగు దూదే. పెద్దదానికి ఇది చెబితే వెంటనే వెళ్ళి నాన్నమ్మ దిండు నొక్కి చూసొచ్చింది.

సాయంత్రం నాన్నమ్మా మనవరాలూ నడకకి వెళ్ళి, దారిపక్క మిల్క్‌వీడ్ కాయలు కవరు నిండా కోసుకొచ్చారు. అత్తయ్యగారు ఒకటి చేతిలోకి తీసుకుని, "ఇది మన జిల్లేడు కాయే కదమ్మాయ్!" అన్నారు. నిజమే, రెండూ ఒకే కుటుంబం మొక్కలు. తుంచితే అదే పాలు, చీలితే అదే దూది. రథసప్తమికి జిల్లేడాకులు కోసేటప్పుడు ఆ పాలు కంట్లో పడకుండా చూసుకోమని ఇంట్లో ఎన్నిసార్లు చెప్పేవారో. ఆవిడ మాట్లాడుతూనే కాయ నడుమ చీలిక మీద బొటనవేలు పెట్టి విప్పారు. గింజలు చేపపొలుసుల్లా ఒకదానిమీద ఒకటి పేర్చి ఉన్నాయి. దూది ఇంకా విచ్చుకోలేదు, తడి పట్టుకుచ్చులా అణిగి ఉంది. కుచ్చు కొసని రెండు వేళ్ళతో గట్టిగా పట్టుకుని, రెండో చేతి బొటనవేలితో గింజల్ని ఒక్క ఊపున దులిపేశారు. దూది ఒక్క పోగు ఎగరలేదు. అదే కాయ ఇంకో నాలుగు రోజులు ఆగి ఉంటే, విచ్చుకున్న దూదిలోంచి గింజలు ఏరడం ఎవరి తరమూ కాదు. ముట్టుకుంటే ఇల్లంతా ఎగురుతుంది.

1944లో పిల్లలకీ ఇదే నేర్పారు. కోయాల్సింది సెప్టెంబరు, అక్టోబరుల్లో. ముందు ఒక కాయ విప్పి చూడాలి. గింజ తెల్లగా ఉంటే ఆ కాయలింకా లేత, వదిలేయాలి. గోధుమరంగు తిరిగితే కోయొచ్చు. కాయ పూర్తిగా పగిలేదాకా ఆగితే దూది గాలిపాలు. కోసినవి ఉల్లిపాయల వల సంచుల్లో పోసి కంచెలకి వేలాడదీసేవారు. గాలాడని సంచిలో పోస్తే కాయలోని పసరుకి బూజు పట్టి, దూది ఉండలు కడుతుంది. పచ్చి కాయలు సంచికి 15 సెంట్లు, ఎండినవైతే 20. అవన్నీ ఇక్కడే, మేముండే మిషిగన్ రాష్ట్రంలో పెటోస్కీ అనే ఊళ్ళో పెట్టిన కర్మాగారానికి చేరేవి. గింజ, తొక్క వేరుచేసి దూది తీసేది అక్కడే. "రెండు సంచులు, ఒక ప్రాణం" అన్నది అప్పటి నినాదం. ఒక జాకెట్‌కి రెండు సంచుల కాయలు కావాలి మరి.

15 సెంట్ల దగ్గరే నాకు మనసు చివుక్కుమంది. ఆ రోజుల్లో యుద్ధ ఖర్చుకి డబ్బు పోగుచేయడానికి బళ్ళలో యుద్ధ స్టాంపులు అమ్మేవారు. 25 సెంట్ల స్టాంపులు 75 అంటిస్తే పుస్తకం నిండి 18.75 డాలర్లయ్యేది. దానికి ఒక బాండు ఇచ్చేవారు, పదేళ్ళకి 25 డాలర్లు. కాయల డబ్బుతోనే ఆ బాండు కొనాలంటే పచ్చి కాయలు 125 సంచులు కోయాలి. చేతులకి జిగురుపాలు, చలిగాలి, ఇంటికొస్తే చదువు. పెద్దవాళ్ళు తెచ్చుకున్న యుద్ధానికి పిల్లల చేత చాకిరీ చేయించారు అని ఇక్కడ ఒక పేరా రాశాను కూడా.

ఆ పేరా ఇప్పుడే కొట్టేశాను. ఆ పని పిల్లలు కాక ఎవరు చేయగలరు? మిల్క్‌వీడ్ తోటలు వేసి పెంచే వ్యవధి లేదు. నాటిన మొక్క కాపుకి రావడానికే ఏళ్ళు పడుతుంది. అడవిమొక్కగా కంచెల వెంట, రైలుకట్టల వెంట చెదిరి ఉంటుంది. కార్లేసుకుని వెతుకుదామంటే పెట్రోలుకి రేషను. నడిచి తిరిగే కాళ్ళు, వంగే నడుములు, నెలన్నర ఓపిక కావాలి. పైగా 1942 నవంబరులో సైన్యంలోకి తీసుకునే వయసు 18కి దించారు. పై తరగతి కుర్రాళ్ళకి పరీక్షలవగానే పిలుపొచ్చేది. అన్న పసిఫిక్‌లో ఓడ మీద ఉన్న పిల్ల చేతికి, ఆ అన్నకి నేరుగా పనికొచ్చే వస్తువు ఇంకేం దొరుకుతుంది? రెండు సంచులు ఆ పిల్లకి లెక్కకి అందే సంగతి. నేను ముందు అనుకున్నది తప్పు.

పిల్లలు చేసిన విమానాల నమూనాలూ అంతే, ఏ విమానం ఎవరిదో సైనికులు చూసి నేర్చుకోవడానికి. 1942 మొదట్లో నౌకాదళం హైస్కూళ్ళని 5,00,000 నమూనాలు అడిగింది. 72వ వంతు కొలత, అంటే ఒక అంగుళానికి ఆరడుగులు. చెక్కతో చెక్కి, అచ్చుకాగితంతో సరిచూసి, నల్లరంగు వేయాలి. 35 అడుగుల దూరంలో పట్టుకుంటే, అరమైలు దూరంలో అసలు విమానం ఎంత కనిపిస్తుందో అంతే కనిపిస్తుంది. రెక్క కొస గుండ్రమా నలుచదరమా అన్నదాంట్లో తప్పు చేస్తే, దాన్ని చూసి నేర్చుకున్నవాడు మనవాణ్ణే శత్రువనుకుని కాల్చేస్తాడు. అందుకే కొలత తప్పినవాటిని తిప్పికొట్టేవారు. పెద్దది దీన్ని ఒక్క ముక్కలో తేల్చేసింది, రేపు పెంచమనాలి.

కానీ ఆ కాగితం మీద నా కోపం తగ్గలేదు. పారాచూట్ ఒక్కటే అయితే దిద్దుకునేవాళ్ళం. అందులో ఉన్నవాళ్ళందరూ నవ్వుతున్నారు. దేశంలో పిల్లలంతా చేయీచేయీ కలిపారు అని ఉంది. 1942 ఫిబ్రవరి 19న వచ్చిన ఉత్తర్వుతో పడమటి తీరంలోని జపనీస్ కుటుంబాలని ఇళ్ళు ఖాళీ చేయించి ముళ్ళకంచెల వెనక పెట్టారే, ఆ పిల్లలు దేశంలో పిల్లలు కారా? దాదాపు 1,20,000 మంది, అందులో మూడింట రెండొంతులు అమెరికా పౌరులే. బడి ఏడాది మధ్యలో పుస్తకాలు అప్పజెప్పి వెళ్ళారు. వాళ్ళని పెట్టిన శిబిరాల్లో ఒకటైన మాంజనార్‌లో బడి తెరిచిన మొదట్లో బల్లల్లేవు, కుర్చీల్లేవు, పిల్లలు నేలమీద కూర్చున్నారు. ఒక్క వాక్యం. ఒక్క వాక్యం రాయడానికి చోటు లేకపోయిందా ఆ కాగితంలో? మావి కూడా చూడగానే వేరుగా తెలిసే మొహాలే. నా కూతురు ఆ బళ్ళోనే కూర్చుంటుంది. టీచరుగారికి ఉత్తరం రాయాలి, పారాచూట్‌కీ దీనికీ కలిపి. కోపం కాస్త చల్లారాక రాస్తాను.

ఇంతవరకూ రాసి, ఎందుకో అనుమానం వచ్చి గరాజ్‌లోకి వెళ్ళాను. అనుకున్నదే. సాయంత్రం తెచ్చిన కాయలు ఆ ప్లాస్టిక్ కవర్లోనే మూతి ముడేసి ఉన్నాయి. విప్పితే వెచ్చటి పచ్చివాసన, కవరు లోపలంతా చెమట. నాలుగైదు విప్పి చూస్తే ఒకదాంట్లో గింజ ఇంకా తెల్లగానే ఉంది. ఉల్లిపాయల వల సంచి ఖాళీ చేసి, కాయలు పల్చగా పోసి, గాలి తగిలేలా వెనక మెట్ల దగ్గర మేకుకి తగిలించాను.

ఒక కాయ మాత్రం వంటింట్లోకి తెచ్చాను. దాని పక్కన నీళ్ళ గిన్నె పెట్టాను. పొద్దున పెద్దది లేచాక దూది తీసి అందులో వేసి, వేలితో ముంచి చూడమంటాను.