మూడో కప్పు దాకా కూర్చోవాలి

ఇథియోపియాలో ఎవరైనా "బునా"కి పిలిస్తే అరగంటలో లేచి వచ్చేద్దామని వెళ్లకూడదు. బునా అంటే కాఫీ. గంటన్నరైనా పడుతుంది. అడిస్ అబాబాలోనూ, లాలిబెలాలోనూ ముక్కూమొహం తెలియనివాళ్లతో మా స్నేహాలన్నీ ఆ కుంపటి పక్కనే కుదిరాయి.

ముందు టైం సంగతి. అక్కడ గంటల లెక్క పొద్దున ఆరింటి నుంచి మొదలవుతుంది. "మూడింటికి రండి" అంటే మన తొమ్మిది. పిలిచినప్పుడే "హబేషా టైమా, ఫెరెంజీ టైమా" అని, అంటే వాళ్ల లెక్కా, విదేశీయుల లెక్కా అని అడిగేయాలి. వట్టి చేతులతో కాకుండా కిలో పంచదారో, కాఫీ గింజలో పట్టుకెళ్తే బావుంటుంది.

నేల మీద పచ్చగడ్డి పరుస్తారు. ఆ ఇంటి ఆవిడ చిన్న పీట మీద కూర్చుని పచ్చి గింజలు కడిగి, బొగ్గుల మీద వేయిస్తుంది. గింజలు నల్లబడి చిటపటమనగానే పెనం అందరి దగ్గరికీ తెస్తుంది. పొగని చేత్తో మొహంవైపు తోసుకుని, వాసన చూసి మెచ్చుకోవాలి. అప్పుడు ఫోను చూస్తూ కూర్చోవద్దు. తర్వాత రోట్లో దంచి, జెబెనా అనే సన్నమెడ మట్టికూజాలో మరిగించి, మడ్డి అడుక్కి దిగాక పిడిలేని చిన్న కప్పుల్లోకి సన్నటి ధారగా వంచుతుంది. మొదటి విడత అబోల్, చిక్కగా ఉంటుంది. అదే మడ్డిలో మళ్లీ నీళ్లు పోసి మరిగిస్తే తోనా, ఇంకోసారి పోస్తే బరకా. బరకా అంటే దీవెన, అది తాగకుండా లేవకూడదు. రుచి అబోల్‌దే, కబుర్లు మాత్రం బరకావి. మొదటి కప్పులో "ఏ దేశం, పిల్లలెంతమంది" దగ్గరే ఉంటాం, మూడోదానికి పెళ్లి ఆల్బమ్ బయటికొస్తుంది.

భోజనానికి ఉండమంటే అందరికీ ఒకటే పళ్లెం. టెఫ్ అనే చిరుధాన్యం పిండి పులియబెట్టి పోసిన ఇంజెరా మన దోశకంటే పెద్దది, మెత్తన, బాగా పులుపు. కుడిచేత్తోనే తినాలి. ఎదుటివాళ్లు ముద్ద చేసి మన నోట్లో పెడతారు, అది గుర్షా. గోరుముద్దలు తిని పెరిగినవాళ్లం, మనకి బెరుకెందుకు? వద్దంటే నొచ్చుకుంటారు. అందుకే శాకాహారులు కూర్చునేముందే "సిగా అల్బెలామ్" అనాలి, మాంసం తిననని. ఆర్థొడాక్స్ క్రైస్తవుల ఇళ్లలో బుధ, శుక్రవారాలు చాలావరకు ఉపవాసపు వంటే. మాంసం, పాలు, గుడ్లు ఉండవు. చేప మాత్రం ఉండొచ్చు, అడగాలి.

తిరిగి మనమూ వాళ్లకి గుర్షా పెట్టాలి. షిరో అనే శనగపిండి పులుసు పల్చగా ఉంటే ముద్ద జారి ఎదుటివాళ్ల బట్టలమీద పడుతుంది. అరచేతంత ఇంజెరా చింపి, మధ్యలో కొంచెమే కూర పెట్టి, నాలుగువైపులా మడిచి అందించాలి. ఇంట్లో పెద్దావిడతో మొదలుపెట్టాలి.